ఇద్దరు హెక్టర్లు

హామిల్టన్,
2008 మార్చి 9, ఆదివారం

ఎఫీ అత్తకి,

నీకు ఫోన్లో సరిగా వినపడదు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. వినపడినా, నా సోది భరించలేక మధ్యలో పెట్టేస్తావనే భయం కూడా ఉందిలే.

అమ్మ పోయి రెండు నెలలు దాటింది. నిన్న ఇల్లు ఖాళీ చేస్తూ డీప్ ఫ్రీజరు తెరిచాను. అడుగున, కాడ్ చేపల పొట్లాల కింద, నాలుగు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి ఇంటి కాగితాలన్నీ ఉన్నాయి. ఇల్లు తగలబడినా ఫ్రీజరు తగలబడదని అమ్మ నమ్మకం. వాటిలో ఒక బీమా కంపెనీ షేర్లు నూట ఎనభై దొరికాయి. అమ్మ పెళ్ళికి ముందెప్పుడో తీసుకున్న పాలసీ అట. ఆ కంపెనీ తర్వాత షేర్ల కంపెనీగా మారినప్పుడు పాత పాలసీదారులందరికీ ఊరికే పంచారట. అమ్మ వాటిని గడ్డకట్టించి దాచింది, అంతే.

ఇల్లు అమ్మితే నా వాటా కొంత వస్తుంది. అప్పుడే మా బస్సు డిపోలో తలకొక సలహా మొదలైంది. ఒకడు బంగారు గనులంటాడు, ఇంకొకడు ఆల్బర్టా చమురంటాడు. నాకు నలభై ఆరేళ్ళు. ఇంకో పదిహేనేళ్ళు బస్సు నడుపుతానేమో, ఆ తర్వాత నడుము ఒప్పుకోదు. పిల్లలు లేరు. ముసలితనంలో నాకు తోడుండేది ఈ డబ్బే, కాబట్టి దీన్ని ఎక్కడ పెట్టాలో నాకు తెలియాలి.

నువ్వు మబూ బ్యాంకులో ముప్పై ఒక్క ఏళ్ళు కౌంటరు వెనక కూర్చున్నావు. ఇప్పుడు డివిడెండ్ల మీద హాయిగా బతుకుతున్నావు. "మా అక్క చేతిలో డాలరు పెడితే అది గుడ్లు పెడుతుంది" అనేవాడు నాన్న. ఏ బ్యాంకు కొనమంటావు?

నీ తమ్ముడి కూతురు,
మార్సెల్లా

*

మబూ, కేప్ బ్రెటన్,
2008 మార్చి 24, ఈస్టరు సోమవారం

కోడలు పిల్లా,

మీ అమ్మ ఫ్రీజరు సంగతి చదివి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాను, తర్వాత నిజంగానే వచ్చాయి. మంచి మనిషి. ఆడపడుచునైన నాతో ఒక్కసారి కూడా గొడవపడని మర్యాద ఆవిడదే.

డిపోలో సలహాలిచ్చే వాళ్ళలో ఎవడికైనా సొంత ఇల్లుందా? లేకపోతే వాళ్ళ మాట పక్కన పెట్టు, నా మాట విను. నేను బ్యాంకుల అసలు పేర్లు రాయను, పోస్టాఫీసు ఫ్లోరా కవరు వెలుతురుకి ఎత్తి చూస్తుంది. మన ఊళ్ళో బీటన్ ఇంటిపేరువాళ్ళవే ముప్పై ఇళ్ళు, అందులో హెక్టర్లే నలుగురు, అందుకే మనిషికో మారుపేరు తప్పదు కదా. నేను బ్యాంకులకీ అలాగే పెట్టుకున్నాను. ఏ పేరు ఏ బ్యాంకో వెనక పేజీలో బొమ్మలు గీశాను, గుర్తుల్ని బట్టి పోల్చుకో.

అన్నిటికంటే పాతది నిదానపు హెక్టర్. దీనికి మా ఎదురింటి హెక్టర్ పేరే పెట్టాను. చిన్నప్పుడు నిన్ను గుర్రపు బండి మీద తిప్పాడే, ఆయనే. 1974 నుంచి ప్రతి శరత్కాలం నాకు రెండు లోడ్ల కట్టెలు తెచ్చి దొంతర పెట్టి వెళ్తాడు. ఒక్క ఏడాది తప్పలేదు, ఒక్క ఏడాది గొప్ప చెప్పుకోలేదు. ఆ బ్యాంకూ అంతే. యుద్ధాలొచ్చాయి, కరువులొచ్చాయి, డివిడెండు ఎగ్గొట్టలేదు. నిండు కుండ తొణకదు. రెండోది ఎర్ర రోరీ. ఎప్పుడూ పరాయి దేశాల్లో వ్యాపారమే, పెరుగుదల కావాలంటే వాడు కొంచెం ఉండాలి. మీ అమ్మ బీమా షేర్లకి పిరికి మేరీ అని పేరు పెడదాం, జరగబోయే చెడంతా ముందే ఊహించడం బీమా వాళ్ళ వృత్తి కదా. అమ్మ గుర్తుగా ఉంచుకో, ఇంకా కొనకు.

ఎవర్ని ఎంచుకోవాలన్నా మొదట అడగాల్సింది, ఎప్పుడైనా ఇస్తానని ఇవ్వకుండా పోయాడా అని. తర్వాత, సంపాదనలో ఎంత ఇస్తున్నాడు? రెండు సంపాదిస్తే ఒకటి ఇంటికిచ్చి, ఒకటి విత్తనానికి ఉంచుకునేవాడు మంచివాడు. ఉన్నదంతా ఇచ్చేవాడు ఎదగడు. అందరికంటే ఎక్కువ ఇస్తానని వచ్చేవాడిని గుమ్మంలోనే ఆపు, అతి వినయం ధూర్త లక్షణం. ఏటేటా ఐదు సెంట్లయినా పెంచుతున్నాడా చూడు. ఇక కొన్నాక రోజూ ధర చూడకు. ధర అనేది ఊళ్ళో వాళ్ళు ఆయన గురించి ఈ పూట ఏమనుకుంటున్నారన్న సంగతి. ఆయనెలాంటివాడో తెలియాలంటే ఇన్నేళ్ళుగా ఏం చేశాడో చూడాలి.

మన కేప్ బ్రెటన్ సిడ్నీలో నా షేర్ల బ్రోకరు నమ్మకస్తుడే, కావాలంటే చిరునామా ఇస్తాను. ఓట్స్ రొట్టెలు కాలుతున్నాయి, వాసనొస్తోంది.

ప్రేమతో,
అత్త

*

హామిల్టన్,
2008 ఆగస్టు 4

అత్తా,

హెక్టర్ దగ్గర్నుంచి మొదటి డివిడెండు వచ్చింది! పెద్ద మొత్తమేం కాదు, చలికాలం స్టీరింగు పట్టుకోవడానికి ఒక మంచి తోలు చేతి తొడుగుల జత వచ్చింది. మిగిలిన దాంతో మళ్ళీ అదే షేరు కొనే ఏర్పాటు చేసుకున్నాను. నువ్వు చెప్పిన దారిలోనే సగం హెక్టర్, పావు రోరీ, మిగతాది బ్యాంకులో ఊరికే.

అత్తా, ఒక మాట చెప్పనా? అమ్మ పోయాక నా పేరు మీద ఇంటికి వచ్చేవన్నీ బిల్లులే. మొదటిసారి ఎవరో గుర్తుపెట్టుకుని నాకు పంపినట్టు అనిపించింది. కవరు పట్టుకుని వంటింట్లో చాలాసేపు నిలబడ్డాను. దీనికి నీకెలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు.

డిపోలో "ఈ వారం మా హెక్టర్ కొంచెం నీరసంగా ఉన్నాడు" అని నోరు జారాను. అప్పట్నుంచి అందరూ "మీ ఆయనకి ఎలా ఉంది?" అని అడుగుతున్నారు. నేనూ సరిదిద్దలేదు. అడిగేవాళ్ళున్నారంటే బాగానే ఉంది.

మార్సెల్లా

*

మబూ,
2008 అక్టోబరు 30

మార్సెల్లా,

ఇది చిన్న ఉత్తరం. ఈ నెల పదమూడున, థాంక్స్‌గివింగ్ సోమవారం నాడు హెక్టర్ పడిపోయాడు.

మీ హామిల్టన్‌లో ఉండే మన ఊరి సాండీ పండగకి ఇక్కడే ఉన్నాడు, అంతా కళ్ళారా చూశాడు. నీకు ఓట్స్ రొట్టెలు ఇవ్వడానికి వచ్చినప్పుడు పూసగుచ్చినట్టు చెప్పే ఉంటాడు. మళ్ళీ అదంతా రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. రెండు వారాల్లో సగమైపోయాడు. కోలుకుంటాడా అంటే తెలిసినవాళ్ళు కూడా పెదవి విరుస్తున్నారు. ఈసారి రెండో లోడు కట్టెలు రాలేదు. ముప్పై నాలుగేళ్ళలో ఇదే మొదటిసారి. ఎదురింటి పొగగొట్టంలో పొగ లేదు. పొద్దున్నే లేచి అలవాటుగా అటే చూస్తాను.

అందరూ వదిలెయ్యమంటున్నారు. "నీకు అరవై తొమ్మిదేళ్ళు, ఈ వయసులో ఈ బరువు నెత్తికెత్తుకుంటావా? సిడ్నీలో వాళ్ళకి అప్పజెప్పి చేతులు దులుపుకో" అంటున్నారు. ఫాదర్ కూడా అదే మాట కొంచెం మెత్తగా అన్నాడు. నేను సరేనంటే నా దగ్గరే ఉంటాడు, లేదంటే డిసెంబరు ఒకటిన సిడ్నీ పోతాడు, ఇక తిరిగి రాడు. నేను పుట్టి బుద్ధెరిగి ఎవర్నీ సలహా అడగలేదు. నిన్ను అడుగుతున్నాను. ఏం చెయ్యమంటావు?

అత్త

*

హామిల్టన్,
2008 నవంబరు 9

అత్తా,

వదలకు! వదిలావో, నేను బస్సేసుకుని మబూ వస్తాను.

సాండీ వచ్చినప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను. రొట్టెలు తలుపు దగ్గర పెట్టి వెళ్ళిపోయాడు మహానుభావుడు, ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పకపోయినా ఏం, టీవీ పెడితే అదే గోల కదా, అన్నీ కూలిపోతున్నాయని. నీ ఉత్తరం చూసి నాకు బాధేసింది, నీలాంటిదానికే ధైర్యం జారితే మాలాంటి వాళ్ళ గతేంటి?

నువ్వు మార్చిలో రాసిన ఉత్తరం బస్సులో నా అద్దం వెనకే పెట్టుకున్నాను. నీ మాటలు నీకే అప్పజెబుతున్నా. ఇస్తానని ఇవ్వకుండా ఎప్పుడైనా పోయాడా? లేదు. రెండు సంపాదిస్తే ఒకటి ఇంటికిచ్చే రకం కాడా? అవును. సగమయ్యాడంటున్నావు. ఊళ్ళో వాళ్ళకి కనిపించేది ఆ సగమే, నీకు తెలిసింది మొత్తం మనిషి కాదా! ఇన్నేళ్ళు ఆయన పెట్టింది తిని, ఒక్క చెడ్డ చలికాలానికి వదిలేస్తామా? రెండో లోడు రాలేదని బెంగపడకు, ఆగలేదు, నా దగ్గరికి వచ్చిందిగా. కాస్త ఆలస్యమంతే.

అయినా ఆ వదిలెయ్యమనేవాళ్ళ మాటేంటి? కందకు లేని దురద కత్తిపీటకెందుకు? అందరూ పొమ్మన్నప్పుడు పట్టుకున్నవాళ్ళే బాగుపడతారు. ఉన్న కాస్త ఓపికా ఆయన మీదే పెట్టు. ఇంకో మాట, సిడ్నీలో వాళ్ళ చేతుల్లో ఎందుకసలు? నీ పేరు మీద రాయించేసుకో. సర్టిఫికెట్ తీసుకుని శుభ్రంగా ఇంటికి తెచ్చుకో. కావాలంటే అమ్మలా ఫ్రీజరులో పెట్టుకో.

ఎదురింట్లో పొగ లేదన్నావు, అసలు హెక్టర్ గారు కూతురి దగ్గరికి హాలిఫాక్స్ వెళ్ళారా? వచ్చాక అడిగానని చెప్పు.

నీ శిష్యురాలు,
మార్సెల్లా

*

మబూ,
2008 నవంబరు 30, ఆదివారం

నా బంగారు కోడలా,

నీ ఉత్తరం అందిన రోజే ఇన్వర్నెస్ ఆసుపత్రికి తీసుకెళ్ళి హెక్టర్‌కి చదివి వినిపించాను. పక్షవాతం వచ్చాక ఆయన మూతి కుడి పక్క కదలడం లేదు. ఎడం పక్కతోనే, నర్సు పరుగెత్తుకొచ్చేంత గట్టిగా నవ్వాడు.

కూతురు నోర్మా వచ్చింది. చెడ్డపిల్ల కాదు, హాలిఫాక్స్‌లో రెండు గదుల ఇల్లు, ఇద్దరు పిల్లలు. సిడ్నీలో వృద్ధుల ఆశ్రమంలో మంచం ఖాళీ అయిందనీ, డిసెంబరు ఒకటికి చేర్చకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారనీ చెబుతూ ఏడ్చింది. "ఆ మంచం ఇంకొకరికి ఇచ్చెయ్యమను" అన్నాను. నోర్మా నా మొహంలోకి చూసి, "ఎఫీ ఆంటీ, మీకెందుకమ్మా ఈ కష్టం? ఆయన మీకేమవుతారు?" అంది. అడగాల్సిన ప్రశ్నే.

నీకు తెలియని సంగతి ఒకటుంది. 1986లో, భార్య పోయిన ఏడేళ్ళకి, కట్టెలు దొంతర పెట్టి చేతులు దులుపుకుంటూ హెక్టర్ నన్ను అడిగాడు. "చూద్దాం" అన్నాను. ఆయన మళ్ళీ అడగలేదు, కట్టెలూ మానలేదు. నా చూడటం ఇరవై రెండేళ్ళు పట్టింది. ఊరంతా ఆయన్ని నిదానపు హెక్టర్ అంటుంది, అసలు నిదానం ఎవరిదో ఊరికి తెలియదు. నిదానమే ప్రధానమన్నది ఎంత నిజమో, ఆలస్యం అమృతం విషమన్నదీ అంత నిజం.

నువ్వు చెప్పినట్టే చేశాను. క్రిస్మస్ ముందు వచ్చే ఆగమన కాలం మొదలైతే చర్చిలో పెళ్ళిళ్ళు కుదరవని, నిన్న శనివారమే ఫాదర్‌ని ఆసుపత్రికి లాక్కొచ్చి నా పేరు మీద రాయించేసుకున్నాను. సర్టిఫికెట్ వంటింటి గోడకి ఉంది, ఫ్రీజరులో పెట్టలేదు. అందరూ నా వయసు గురించి మాట్లాడారు, నువ్వొక్కదానివే ఆయన గురించి మాట్లాడావు. నీ మేలు ఈ జన్మకి మరిచిపోను.

నీ అత్త,
ఎఫీ బీటన్ (ఆయనా బీటనే, సంతకం మార్చుకునే పని తప్పింది)

*

హామిల్టన్,
2008 డిసెంబరు 10

అత్తా,

డిపోలో బల్ల మీద కూర్చుని నీ ఉత్తరం చదివాను. మొదటి పేరా దగ్గరే ఆగి, మళ్ళీ మొదటినుంచి చదివాను.

ఎలా చెప్పాలో తెలియడం లేదు, చెప్పకపోతే నిద్ర పట్టదు. నేను షేరు గురించి రాశాను అత్తా! బ్యాంకు గురించి! పడిపోయాడంటే ధర అనుకున్నాను. సగమయ్యాడంటే ధరే అనుకున్నాను. కట్టెలంటే డివిడెండనుకున్నాను. సిడ్నీ అంటే నీ బ్రోకరనుకున్నాను. ఆ సాండీగాడిని నిన్న ఫోన్లో ఉతికి ఆరేశాను. "నువ్వు అడగలేదుగా" అన్నాడు.

నువ్వు జీవితంలో మొదటిసారి సలహా అడిగితే నేను చేసిన నిర్వాకం ఇది. మంచాన పడ్డ మనిషిని ఎత్తాలి, దించాలి, తినిపించాలి. అరవై తొమ్మిదేళ్ళ నిన్ను "పట్టుకో, వదలకు" అని ఎగదోశాను, బస్సు దిగేవాడికి దారి చెప్పినంత తేలిగ్గా. నిజం చెప్పు. నా మాట మీద వెళ్ళి ఇరుక్కున్నావా? ఇరుక్కుంటే దాచకు. సెలవు పెట్టి వస్తాను, నాలుగు నెలలు నేను చూసుకుంటాను, ఆ తర్వాత నోర్మాతో నేను మాట్లాడతాను. తప్పు నాది, నేనే దిద్దుతాను.

హెక్టర్ మావయ్యకి, అలా పిలవొచ్చా, ఆయనకి నా క్షమాపణలు చెప్పు. అమ్మ పోయాక నాకు మిగిలిన పెద్ద దిక్కు నువ్వొక్కదానివే. నీకే కీడు చేశానేమోనని వణికిపోతున్నాను.

మార్సెల్లా

*

మబూ,
2009 జనవరి 11, ఆదివారం

పిచ్చి మొద్దూ,

క్రిస్మస్ రద్దీలో పడి నీ ఉత్తరం రెండో తేదీన చేరింది. ఇన్ని రోజులు నువ్వు కుమిలిపోయి ఉంటావని తలుచుకుంటే పోస్టాఫీసు ఫ్లోరాని కొట్టాలనిపించింది.

నీ నవంబరు ఉత్తరంలో ఐదో వాక్యానికే నాకు అర్థమైంది, నువ్వు షేరు గురించి రాస్తున్నావని. ముప్పై ఒక్క ఏళ్ళు బ్యాంకులో కూర్చున్నదాన్ని, ఆ మాత్రం తెలియదా? ఇంకోటి కూడా నేర్చుకో. థాంక్స్‌గివింగ్ సోమవారం స్టాక్ మార్కెట్టుకి సెలవు. ఆ రోజు ఏ షేరూ పడదు, లేవదు. పడగలిగేది మనుషులే.

ముందు పడీ పడీ నవ్వాను. తర్వాత వంటింట్లో కూర్చుని, బ్యాంకనుకుని నువ్వు రాసిన చోటల్లా మనిషిని పెట్టుకుని మళ్ళీ చదివాను. ఒక్క మాట కూడా మార్చాల్సిన అవసరం రాలేదు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది మార్సెల్లా. అవన్నీ నా మాటలే. బ్యాంకు గురించి ఎవరడిగినా ధీమాగా చెప్పే మాటలే. ఆ బ్యాంకుకి హెక్టర్ పేరు ఎందుకు పెట్టాను? నమ్మకమన్నదానికి నాకు తెలిసిన పేరు అదొక్కటే కాబట్టి. పేరు తీసుకెళ్ళి కాగితానికిచ్చాను. ఇన్నేళ్ళు కాగితాన్ని నమ్మాను, మనిషికేమో "చూద్దాం" అన్నాను. ఎదురింట్లో పొగ ఆగాక కూడా నేనింకా ఊళ్ళో వాళ్ళు చెప్పే ధరే వింటున్నాను. నువ్వు పొరపాటున నా తల పట్టుకుని అటు తిప్పావు. సరిగ్గా అర్థం చేసుకుని ఉంటే నువ్వూ అందరిలాగే "అత్తా, నీ ఆరోగ్యం జాగ్రత్త" అని రాసేదానివి. అప్పుడు నేను వదిలేసేదాన్ని. అందుకని ఆ పొరపాటుకి నేను దేవుడికి రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను, నువ్వు క్షమాపణలు చెప్పకు.

కష్టం లేదని అబద్ధమాడను. ఎత్తడం, దించడం నా ఒక్కదాని వల్ల కాదు, వారానికి మూడు రోజులు నర్సు వస్తుంది. నా ఇంట్లో మెట్లు, పైన స్నానాలగది, ఆయనకి కుదరదు. అందుకని కింద ఒక గది, స్నానాలగది, గుమ్మానికి ఏటవాలు దారి కట్టించాను. డబ్బెక్కడిదంటావా? షేర్లు అమ్మాను. రోరీని కాదు, వాడిని అమ్మాలన్న ఆలోచన కూడా రాలేదు నా మనసులో. హెక్టర్‌నే అమ్మాను. నాలుగొందల షేర్లు, సరిగ్గా సగం ధరకి.

సిడ్నీ బ్రోకరు ఫోన్లో అరిచాడు, నాకు కూడా వినపడేలా. "ఎఫీ గారూ, మతిగానీ పోయిందా? ఇరవై ఏళ్ళుగా పడ్డప్పుడు అమ్మొద్దని మా అందరికీ పాఠం చెప్పింది మీరే కదండీ! రెండేళ్ళు ఆగండి, మళ్ళీ పైకొస్తాడు." "వస్తాడు నాయనా, నాకూ తెలుసు" అన్నాను. "ఆ రెండేళ్ళే నాకు కావాలి."

నువ్వు మాత్రం అమ్మకు. నీ వాటా అలాగే ఉంచు, ఇంకో నాలుగు షేర్లు కొను, పదిహేనేళ్ళ తర్వాత నన్ను తలుచుకుంటావు. సెలవు పెట్టి రా, కానీ నన్ను విడిపించడానికి కాదు. జూన్‌లో రా, ఎండ్రకాయల కాలం. మావయ్య అని పిలవొచ్చా అని అడిగావు కదా, ఆయనకి చదివి వినిపిస్తే తల ఊపాడు, ఒకసారి కాదు, మూడుసార్లు.

గురువారం ఇంటికి తీసుకొచ్చాను. ఇన్నేళ్ళూ గుమ్మం దగ్గరే ఆగి కట్టెలు దించి వెళ్ళిన మనిషి, మొదటిసారి లోపలికొచ్చాడు. పొయ్యి పక్కన కుర్చీ వేశాను. నిప్పు వంక చాలాసేపు చూశాడు. అవి ఆయన కొట్టిన కట్టెలే. "బాగా మండుతున్నాయా?" అన్నట్టు కళ్ళెగరేశాడు. "ఎప్పుడూ బాగానే మండాయి, హెక్టర్. నేనే ఎప్పుడూ చెప్పలేదు" అన్నాను.

కొత్త గదిలోంచి పిలుస్తున్నాడు. నోరు తిరగక నా పేరు మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతోంది. నాకు చాలు. వెళ్తున్నాను.

అత్త